పరాయి ఊళ్లో మొదటి రెండేళ్లు

నేను సేవకు టాంజానియా వెళ్లేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. డొడోమాకు కొంత దూరంలో ఒక పల్లె. ఆ నేల చూస్తే మా కనిగిరి వైపు మెట్టపొలాలే గుర్తొచ్చేవి. అదే ఎర్రమట్టి, అవే ముళ్లచెట్లు, వానకోసం ఆకాశం వైపు అవే చూపులు. మూడోరోజు పొద్దున చర్చికి నడిచి వెళుతుంటే తలమీద నీళ్ల బకెట్టుతో ఒక ముసలమ్మ ఎదురొచ్చింది. నన్ను చూసి ఆగింది. నేను నవ్వి, చెయ్యి ఊపి ముందుకు సాగిపోయాను. కాస్త దూరం పోయి వెనక్కి చూస్తే ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఆ సాయంత్రం, నాకు బస ఇచ్చిన ఇంట్లో పదేళ్ల పిల్లవాడు వాళ్ల నాన్నతో ఏదో గట్టిగా చెబుతున్నాడు. ఆయన అక్కడి సంఘకాపరి. అది ఇంగ్లీషులో నాకు చెప్పడానికి ఆయన కాసేపు మొహమాటపడ్డారు. నేను బతిమాలితే చెప్పారు. అక్కడ చిన్నవాళ్లు పెద్దవాళ్లకు ఎదురైతే ‘షికమో’ అనాలి. పెద్దవాళ్లు ‘మరహబా’ అని బదులిస్తారు. ఆ మాట ముందు చిన్నవాళ్ల నోటినుంచే రావాలి. ఆ అవ్వ నెత్తిన బరువుతో నిలబడింది నా మాట కోసం.

‘షికమో’ అనే ఈ స్వాహిలి మాటకు మూలంలో ‘మీ పాదాలు పట్టుకుంటున్నాను’ అనే అర్థం ఉందట. అంటే మనం ‘కాళ్లకు దండం పెడుతున్నాను’ అంటామే, అదే. మా ఊళ్లో నేను ఏనాడూ పెద్దవాళ్లకు దండం పెట్టకుండా పక్కనుంచి పోయింది లేదు. మరి ఆ మర్యాద ఎక్కడ వదిలేశాను? నేను చెప్పడానికి వచ్చినవాణ్ని, వినాల్సింది వాళ్లు అనే ఆలోచన నాకు తెలియకుండానే నాతోపాటు విమానమెక్కింది. నా అంతట నేనైతే దాన్ని పట్టుకోలేకపోయేవాణ్ని. ఒక పిల్లవాడు పట్టుకున్నాడు.

మర్నాడు ఆమె ఇల్లు కనుక్కుని వెళ్లాను. అక్కడ తలుపు కొట్టరు, బయట నిలబడి ‘హోడి’ అంటారు. లోపలినుంచి ‘కరిబు’ అనే మాట వస్తేనే అడుగు లోపల పెట్టాలి. హోడి అన్నాను. కరిబు అంది. షికమో అన్నాను. ఆమె మరహబా అని, నా దోసిట్లో గుప్పెడు వేరుశనక్కాయలు పోసింది. నా పరిచర్య మొదలైంది ఆ గడపలోనే అని ఇప్పటికీ నమ్ముతాను. అంతకుముందు మూడురోజులూ నేను అక్కడ ఉన్నానంతే.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఇదే. పరాయి దేశానికి సేవకు వెళ్లేవారు మొదటి రెండేళ్లూ అక్కడ విద్యార్థిగా, అతిథిగా బతకాలి. అలా బతకగలిగినవాళ్లే ఎదుగుతారు. బోధకుడిగా దిగినవాడు ఎంత ప్రతిభావంతుడైనా రెండేళ్ల తర్వాత అంతే ఎత్తులో ఉంటాడు, చుట్టూ ఉన్న మనుషులు మాత్రం దూరమైపోతారు. మిషనరీగా వెళ్లేవారికోసం రాస్తున్నాను గానీ, నర్సుగానో టీచరుగానో దేశం దాటుతున్నవారికీ ఇందులో కొంత పనికొస్తుంది.

భాష ముందు, ప్రసంగం తర్వాత

మన తెలుగునేలకు వచ్చిన తొలి ప్రొటెస్టెంట్ మిషనరీల చరిత్ర చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అనే ఇద్దరు యువకులు తమకున్న కొద్దికాలాన్ని ప్రధానంగా తెలుగుమీదే పెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి వాళ్లకు తోడు నిలిచాడు. 1809లో క్రాన్, 1810లో డి గ్రాంజ్ చనిపోయారు. వాళ్లకు దొరికింది ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో వాళ్లు విడిచిపెట్టి వెళ్లిన పని తెలుగులో సువార్తల అనువాదం. మనిషి పోయాక కూడా నిలిచే పని ఏదో వాళ్లకు ముందే తెలిసిందనిపిస్తుంది. విలియం కేరీ పనిచేసింది బెంగాల్లో. అయినా 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. అడొనైరామ్ జడ్సన్ 24 ఏళ్ల వయసులో, 1813లో రంగూన్ చేరాడు. ఆయన చేతులమీదుగా మొదటి బర్మా మనిషి బాప్తిస్మం పొందడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ఆయన ఖాళీగా కూర్చోలేదు. బర్మీస్ నేర్చుకున్నాడు. 1834కి మొత్తం బైబిలును ఆ భాషలోకి తెచ్చాడు.

ఇప్పటి యువతకు ఆ తీరిక లేదు. సంఘం పంపించింది, మూడునెలలకు ఫొటోలు అడుగుతుంది, ఆర్నెల్లకు నివేదిక అడుగుతుంది. దాంతో దుబాసీని పక్కన నిలబెట్టుకుని రెండోవారమే ప్రసంగం మొదలుపెడతారు. నా సలహా మొహమాటం లేకుండా చెబుతాను: మొదటి ఆర్నెల్లు ప్రసంగం చెయ్యమని ఎవరడిగినా చేతులు జోడించి వద్దనండి. పంపించిన సంఘానికి ఈ సంగతి బయల్దేరేముందే చెప్పి ఒప్పించండి.

ఏం నేర్చుకోవాలి? వ్యాకరణం తర్వాత. ముందు మూడు రకాల మాటలు పట్టుకోండి. పెద్దవాళ్లను, సాటివాళ్లను, పిల్లలను పలకరించే మాటలు. తప్పు చేస్తే క్షమించమని అడిగే మాటలు. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని పలికే మాటలు. ఈ మూడూ వస్తే ఏ ఇంట్లోనైనా మీకు చోటుంటుంది. ఇవి రాకుండా లేఖనాలన్నీ ఆ భాషలో అప్పజెప్పినా మీరు బయటివారే.

పొద్దున ఒక గంట గురువు దగ్గర కూర్చోండి. గురువుకు జీతమివ్వండి, ఊరికే నేర్పమని అడగకండి. ఆ నేర్చుకున్నది అదేరోజు సంతలో వాడండి. ఉల్లిపాయలమ్మే ఆమెకు మీ ఉచ్చారణ సరిదిద్దే ఓపిక పండితుడికంటే ఎక్కువ ఉంటుంది. జేబులో చిన్న నోటుబుక్కు ఉంచుకుని రోజుకు పది మాటలు తెలుగు లిపిలో రాసుకోండి. మన లిపి ఇందుకు ఎంతో అనుకూలం. స్వాహిలి మాట దాదాపు ప్రతిదీ మన అచ్చులతో సుఖంగా ఒదిగిపోతుంది. ఇక పిల్లల్ని వదలకండి. మీరు తప్పు పలికితే పెద్దవాళ్లు మర్యాదకోసం ఊరుకుంటారు, పిల్లలు ఊరుకోరు.

నాకు నాలుగో నెలలో ఒక దశ వచ్చింది. ఉదయం లేస్తే నోరు తెరవబుద్ధి కాదు. ఇంటిదగ్గర పదిమందిలో మాట్లాడితే వినేవాళ్లు, ఇక్కడ ఉప్పు అడగడానికి కూడా వెతుక్కోవాలి. డిగ్రీ చదివినవాణ్ని, రెండేళ్ల పిల్లవాడిలా అయిపోయానే అని లోలోపల ఏడుపొచ్చేది. దాదాపు అందరికీ ఆ దశ వస్తుంది. అది వచ్చినప్పుడు మీరు దారి తప్పలేదని గుర్తుంచుకోండి. మీలోని మాటకారి కాస్త పక్కకు జరిగితేనే వినేవాడు పుడతాడు. ఆ నెలల్లో నేను మనుషుల ముఖాలు చదవడం నేర్చుకున్నాను. ఆ విద్య ఈరోజుకీ నాకు అన్నం పెడుతోంది.

మీకు నేర్పేవాడెవరు?

ఒంగోలు ప్రార్థన కొండ గురించి తెలుగు క్రైస్తవుల్లో వినని ఇల్లు తక్కువ. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారి పేరు కూడా అంతే. కానీ ఆయన్ను మనం తెల్లగడ్డం పెరిగిన తర్వాతి ఫొటోలోనే చూస్తాం. ఇరవై ఎనిమిదేళ్ల జాన్ క్లౌను ఒకసారి చూడండి. 1836లో పుట్టాడు. విచిత్రంగా, అమెరికన్ బాప్తిస్టులు తెలుగువారి మధ్య పని మొదలుపెట్టిన ఏడు కూడా అదే. కుర్రతనంలో మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వే పని చేశాడు. 1864 చివర్లో బోస్టన్‌లో ఓడ ఎక్కి, నెలల తరబడి ప్రయాణించి 1865లో మద్రాసు చేరాడు. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా సాగుతున్న తెలుగు మిషన్‌లో ఫలితం కనబడక దాన్ని మూసేద్దామనే మాట అమెరికాలో ఒకటికంటే ఎక్కువసార్లే వచ్చింది. నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలు వచ్చాడు.

ఊళ్లోని అగ్రకులాల పెద్దలు ఆయన్ను ఆదరించారు. పిల్లలకు బడి కావాలన్నారు. చదువుకున్నవాళ్లు ముందు వస్తే మిగతా ఊరు వెనక వస్తుందని ఆ రోజుల్లో చాలామంది మిషనరీలు నమ్మేవారు. అది తేలికైన దారి కూడా. ఈలోగా పల్లెలనుంచి మాదిగ కుటుంబాలు ఆయన దగ్గరకు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రాలేమని పెద్దలు చెప్పేశారు. అప్పుడు భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం ఎదురైందని క్లౌ చెప్పుకున్నారు. లోకం తక్కువగా చూసినవారిని దేవుడు ఎన్నుకోవడం గురించిన భాగం అది. ఆయన మాదిగలను వదులుకోలేదు. బడిలో పై కులాల పిల్లలు తగ్గిపోయారు.

ఈ ఘట్టాన్ని ప్రసంగాల్లో క్లౌ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసే పేరయ్య క్లౌ కంటే ముందునుంచీ దేవుణ్ని వెతుకుతున్న మనిషి. యోగమార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొంది, తానూ పదిమందికి దారి చూపినవాడు. అలాంటివాడు కొత్తగా వచ్చిన తెల్ల కుర్రవాడికి శిష్యుడయ్యాడని చరిత్ర రాస్తుంది. నిజానికి ఎవరు ఎవరికి ఎంత నేర్పారో అంత తేలిగ్గా చెప్పలేం. ఏ పల్లెకు ఏ చుట్టరికం పట్టుకుని వెళ్లాలో, ఎవరిని ముందు పలకరించాలో, ఏ మాట ఎవరిని నొప్పిస్తుందో క్లౌకు తెలిసే దారే లేదు. పేరయ్యలాంటివాళ్లకు తెలుసు. మాదిగ బోధకుల మాట విని నడవడంవల్లే తన పని సాగిందని క్లౌ వృద్ధాప్యంలో చెప్పుకున్నారు. ఆయన మరణం తర్వాత 1914లో వచ్చిన ఆత్మకథలో అది చదవొచ్చు.

మీరు వెళ్లే ఊళ్లోనూ ఒక పేరయ్య ఉంటాడు. మీకంటే ముందే ఆ నేలమీద దేవుడికోసం, న్యాయం కోసం తపించిన మనిషి. ఇంగ్లీషు రాకపోవచ్చు. సంఘంలో హోదా ఉండకపోవచ్చు. మొదటి ఏడాదిలో మీ అసలు పని ఆ మనిషిని కనుక్కోవడం, కనుక్కున్నాక పక్కన కూర్చోవడం. నాకు ఆ మనిషి బకెట్టు మోసిన అవ్వే.

ఈ విషయంలో ఇంకొక పేరు చెప్పకుండా ఉండలేను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి తమిళుడు. 1909లో ముప్ఫై అయిదేళ్ల వయసులో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ఎక్కువమంది పాశ్చాత్యులే ఉన్న ఆ సభలో, నిలబడి మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెబుతూనే, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. చాలామంది నొచ్చుకున్నారు. ఆయన అడిగింది డబ్బు కాదు, బడులు కాదు. ఒక పంక్తిలో కూర్చుని తినే మనిషిని. 1912లో ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు. ఈరోజు మనవాళ్లు ఆఫ్రికాకో, నేపాల్‌కో వెళ్లినప్పుడు అక్కడివారికి మనమే పరాయివాళ్లం. అజరయ్యగారు ఆనాడు పాశ్చాత్యులకు వేసిన ప్రశ్న ఇప్పుడు మనకు వర్తిస్తుంది. మీరు వాళ్లింట్లో తిన్నారా? వాళ్లు మీ ఇంట్లో చనువుగా తిన్నారా? ఈ రెండో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు.

చేతిలో రొట్టె ఉన్నప్పుడు

సేవకు వెళ్లినవాడి చేతిలో ఎంతోకొంత అధికారం ఉంటుంది. మందులు ఉంటాయి, బడిలో సీటు ఇప్పించే పలుకుబడి ఉంటుంది, నెలనెలా వచ్చే డబ్బు ఉంటుంది. పేదల మధ్య ఇది చిన్న అధికారం కాదు. మీ వ్యక్తిత్వానికి నిజమైన పరీక్ష ఇక్కడే.

1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని ధాత కరువు తినేసింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని ప్రభుత్వం కరువు పనిగా పెట్టినప్పుడు, క్లౌ అందులో కొంత మేర కాంట్రాక్టు తీసుకున్నారు. కుర్రతనంలో నేర్చిన సర్వే పని అప్పుడు అక్కరకొచ్చింది. ఆకలితో నడిచొచ్చిన వేలమందికి కూలి దొరికింది. ఆయన దగ్గర పనిచేసే బోధకులే మేస్త్రీలయ్యారు. ఆ సమయంలో బాప్తిస్మం అడిగినవాళ్లు కొల్లలు. ఏడాదికి పైగా ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి చేతికిచ్చేవాడే బాప్తిస్మం కూడా ఇస్తే, వచ్చినవాడు దేనికోసం వచ్చాడో వాడికే తెలియకుండా పోతుందని ఆగారు. కరువు పని ముగిసి, పంచడానికి తన దగ్గర ఏమీ లేని రోజు వచ్చాకనే ఒప్పుకున్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులే, క్లౌ కాదు.

మన సంఘాల్లో ఈ 2,222 అనే అంకెనే పదేపదే చెప్పుకుంటాం. నాకు ఆ అంకెకంటే దానికి ముందు ఆగిన ఏడాది గొప్పది. అమెరికాలో డబ్బులిచ్చేవాళ్లు ఫలితం కోసం ఎదురుచూస్తుండగా, మనుషులు వచ్చి అడుగుతుండగా, కాదని ఆగడం ఎంత కష్టమో సేవలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. ఆకలి తీర్చండి, మందు ఇవ్వండి, అక్షరం నేర్పండి. వాటికి బదులుగా ఎవరి విశ్వాసాన్నీ అడగకండి. అడగకపోయినా ఎదుటివాడు మొహమాటంతో ఇవ్వబోతే తీసుకోకండి. మీరు వెళ్లే దేశపు చట్టం ఈ విషయంలో ఏం చెబుతుందో కూడా ముందే తెలుసుకోండి. చట్టం లేనిచోట మీ మనస్సాక్షి ఉంది.

డబ్బు సంగతి రెండు మాటల్లో చెబుతాను. 1903లో తెలుగు బాప్తిస్టు సంఘాలు తమ సొంత సొసైటీ ద్వారా జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపాయి. 1860 నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు ఐదేళ్ల ఒప్పందాలమీద అక్కడి తోటలకు కూలికి వెళ్లారు. వాళ్లలో మన కోస్తా జిల్లాలవాళ్లు ఎందరో. కియర్స్నీ తేయాకు తోటలోని తెలుగు విశ్వాసులకు కాపరి కావాలి, అందుకే ఈయన వెళ్లారు. ఆ ఏడాది చివరికల్లా అక్కడ తెలుగు సంఘం నిలబడింది. ఆయన వెనక ఉన్నది తెల్లదొరల ఖజానా కాదు, తెలుగు పల్లెల్లో పేదలు వేసిన కానుకలు. మీ ఖర్చు పుస్తకంలో ప్రతి పైసా రాసేటప్పుడు ఆ కానుకల సంచిలో తన వంతు వేసిన ముసలమ్మ ముఖం గుర్తు తెచ్చుకోండి, లెక్క దానంతటదే సరిగా ఉంటుంది. రంగయ్యగారి నుంచి ఇంకొకటి కూడా నేర్చుకోవాలి. పిలిచినవాళ్లు ఉన్నచోటికి ఆయన వెళ్లారు. ‘హోడి’ అని ‘కరిబు’ వినకుండా లోపలికి పోకూడదన్న నియమం ఒక్క గుమ్మానికే కాదు.

ఒంటరితనం

దీన్ని గురించి మన సంఘాల్లో మాట్లాడరు. సేవకుడికి దిగులేమిటి, ప్రార్థన చేసుకుంటే పోతుంది అంటారు. జడ్సన్ కంటే ఎక్కువ ప్రార్థించినవాడెవరు? 1826లో భార్య ఆన్ చనిపోయాక, కొన్నాళ్లకు చిన్నకూతురూ పోయాక, ఆయన మనుషులకు దూరంగా అడవి అంచున గుడిసె వేసుకున్నాడు. తన గొయ్యి తానే తవ్వుకుని దాని పక్కన కూర్చునే స్థితికి వెళ్లాడు. మళ్లీ లేచాడు, అనువాదం పూర్తిచేశాడు. కేరీ భార్య డొరొతీ కథ ఇంకా బాధాకరం. అయిష్టంగానే భర్తతో బెంగాల్ వచ్చింది. ఐదేళ్ల కొడుకు పీటర్ పోయాక మతి చెదిరి, బతికినంతకాలం కోలుకోలేదు. పెళ్లైనవాళ్లు సేవకు వెళుతుంటే ఆ పిలుపు ఇద్దరికీ వచ్చిందో లేదో ఒకటికి పదిసార్లు అడగండి. భార్య మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసుకోకండి.

రెండువారాలకు మించి నిద్ర సరిగా పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, ఇష్టమైన పని కూడా బరువనిపించినా దాచుకోవద్దు. మీకు పెద్దదిక్కుగా ఉన్నవారికి చెప్పండి, డాక్టరును కలవండి. ఇది విశ్వాసలోపం కాదు. జ్వరం వస్తే మలేరియా పరీక్ష చేయించుకుంటాం కదా, ఇదీ అంతే. (మలేరియా ఉన్న ప్రాంతంలో జ్వరమొస్తే పారాసిటమాల్ మింగి మంచమెక్కకండి. అదేరోజు రక్తపరీక్ష చేయించండి.)

ఇంటికి ఫోను చెయ్యడం విషయంలో మార్మన్ సంఘంవారి అనుభవం ఆలోచించదగ్గది. వాళ్ల యువకులు రెండేళ్లు, యువతులు పద్దెనిమిది నెలలు సేవచేస్తారు, జంటగా తప్ప ఒంటరిగా పనిచెయ్యరు. చాలాకాలం వాళ్లు ఇంటికి ఏడాదికి రెండుసార్లు మాత్రమే ఫోను చేసేవారు, క్రిస్మస్‌కు ఒకసారి, మాతృదినోత్సవానికి ఒకసారి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడుకోవచ్చన్నారు. నాకు ఆ వారానికోసారి పద్ధతి నచ్చింది. రోజూ రాత్రి వాట్సాప్‌లో అమ్మతో వీడియో కాల్, పొద్దున మన న్యూస్ చానెల్, మధ్యాహ్నం స్నేహితుల గ్రూపు అయితే మీ శరీరం మాత్రమే ఆ దేశంలో ఉంటుంది. అలాగని నెలలకొద్దీ మాట్లాడకపోతే అమ్మ తట్టుకోలేదు, మీరూ తట్టుకోలేరు. వారానికో రోజు పెట్టుకోండి. ఆ రోజు గంటసేపు తృప్తిగా మాట్లాడండి. మిగతా సాయంత్రాలు మీ పక్కింటివాళ్లవి.

ఆ పక్కింటివాళ్లు ఏం చెయ్యగలరో చెబుతాను. నేను వెళ్లిన పధ్నాలుగో నెలలో మా నాన్న పోయారు. నేనున్న పల్లెలో అప్పట్లో ఫోను లేదు. కబురు నాకు అందేసరికి ఇంటిదగ్గర మట్టి కూడా అయిపోయింది. బయల్దేరినా ప్రయోజనం లేదు. మధ్యాహ్నం గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. బయట ‘హోడి’ అని వినిపించింది. కరిబు అనే ఓపిక లేదు. వాళ్లు మర్యాద తెలిసినవాళ్లు, బదులు రాకపోతే లోపలికి రారు. కానీ వెళ్లిపోలేదు. కాసేపటికి తలుపు తీసి చూస్తే వాకిట్లో నేలమీద ముప్ఫై, నలభై మంది కూర్చుని ఉన్నారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. ఒకామె అప్పటికే పొయ్యి రాజేసి మొక్కజొన్న పిండితో ఉగాలి కలుపుతోంది. ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని ‘పోలే’ అన్నారు, ‘పోలే సానా’ అన్నారు.

ఆ మాటకు తెలుగులో సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు. మనిషి బరువు మోస్తుంటే పోలే అంటారు, రాయి తగిలితే పోలే అంటారు, తండ్రి పోతే పోలే అంటారు. నీ కష్టం నాకు కనబడుతోంది అని చెప్పడమే దాని పని. అంతకుమించి వాళ్లు ఏమీ చెప్పలేదు. ఓదార్పు వచనాలు చదవలేదు, దేవుని చిత్తమనలేదు. మూడురోజులు వంతులవారీగా నాతో కూర్చున్నారు. రాత్రి ఎవరో ఒకరు నా గుమ్మంలోనే పడుకున్నారు. బకెట్టు అవ్వ రెండోరోజు వచ్చి, నేను షికమో అనకముందే నా తల నిమిరింది.

అంతకుముందు పధ్నాలుగు నెలలు నేను చావుల ఇళ్లకు వెళ్లి వచనాలు చదివి వచ్చినవాణ్ని. ఆ మూడురోజుల తర్వాత నా పద్ధతి మారిపోయింది. ఇప్పటికీ, మన ఊళ్లో ఎవరైనా పోతే, పరామర్శకు వెళ్లినప్పుడు నేను ఎక్కువ మాట్లాడను. చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. నాకు వేదాంత కళాశాల నేర్పనిది ఆ వాకిలి నేర్పింది.

కాగితాలు, తిరుగు ప్రయాణం

త్వరగా చెప్పేస్తాను. టూరిస్టు వీసామీద సేవకు వెళ్లకండి, ఎవరు చెప్పినా సరే. సత్యం చెప్పడానికి వెళుతూ ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర అబద్ధంతో మొదలుపెట్టడం ఎంత తప్పో వేరే చెప్పాలా? పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. పిలిచిన సంస్థైనా, దాని పెద్దైనా దాచిపెడతామంటే ఒప్పుకోకండి. దాని జిరాక్సు ఇంటిదగ్గర ఒకటి, మెయిల్‌లో ఒకటి ఉండాలి. ఆ దేశంలోని మన ఎంబసీ నంబరు ఫోనులోనే కాక కాగితంమీదా రాసుకోండి. తిరుగు టికెట్టు డబ్బు ముందే పక్కన పెట్టండి, దాన్ని ఏ మంచిపనికీ వాడకండి.

తిరిగొచ్చాక మిమ్మల్ని అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు, ఎంతమంది వచ్చారు అని. నన్నూ అడిగారు. మొదట్లో ఏదో అంకె చెప్పి తప్పించుకునేవాణ్ని. తర్వాత మానేశాను. అవ్వ గురించి, పిల్లవాడి గురించి, వాకిట్లో కూర్చున్నవాళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టాను. కొందరికి నిరాశ కలిగింది. ఫరవాలేదు. మీరూ అలాగే చెప్పండి. తిరిగొచ్చిన మొదటి ఆర్నెల్లు మన ఊరే మీకు కొత్తగా ఉంటుంది. పెళ్లిళ్లలో మిగిలిపోయిన అన్నం చూస్తే కడుపులో దేవుతుంది, బంధువుల మాటలు తేలికగా అనిపిస్తాయి. వాళ్లను తూకం వెయ్యకండి. అక్కడ చూపిన ఓపికే ఇక్కడా చూపండి. మీరు మారారు, వాళ్లు మీకోసం ఎదురుచూశారు.

ఇక బయల్దేరబోతున్న మీకు ఒక విన్నపం. విమానం ఎక్కేదాకా ఆగక్కర్లేదు. హైదరాబాదులో, విశాఖపట్నంలో ఆఫ్రికా దేశాలనుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులు ఎంతోమంది ఉన్నారు. అద్దె ఇళ్లకోసం తిరుగుతూ, బస్సుల్లో చూపులు భరిస్తూ, పండగరోజు గదిలో ఒంటరిగా వండుకుంటూ. వాళ్లకు మన ఊరే పరాయి ఊరు. ఈ ఆదివారం వెళ్లి ఒకరిని భోజనానికి పిలవండి. వాళ్ల భాషలో పెద్దవాళ్లను ఎలా పలకరిస్తారో నేర్పమని అడగండి.